విరగని పన్ను

పోయిన వారం మైకమ్మను బస్టాండు అనౌన్స్‌మెంటు గదిలో అలాగే వదిలేసి వచ్చాం. కష్టంలో ఉన్న మనిషిని అలా వదిలి రావడం మర్యాద కాదు, కానీ ఏం చేస్తాం, పేజీ అయిపోయింది. రావలసిన బస్సు పేరు సగం చెప్పి, మిగతా సగం చెప్పబోయేలోగా ఆమె పైవరస ముందుపళ్ళు కట్టగా ఊడి మైకు పక్కన టేబుల్ మీద పడ్డాయి. ఆ 'టక్' శబ్దం బస్టాండంతా వినబడింది. బస్సు బయలుదేరుతున్నదని కాబోలు అనుకుని ఇద్దరు ముగ్గురు పరుగెత్తారు కూడా. మైకమ్మ పళ్ళు చేతిలోకి తీసుకుని, మైకు కట్టేసి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు. మైకమ్మ అసలు పేరు బస్టాండులో ఎవరికీ పట్టదు. ఆమెకు మూడేళ్ళు నిండిన కొడుకున్నాడు, ఇంట్లో అందరూ బుడ్డోడంటారు. వాడి నోట్లో ఉన్నవి నాలుగే పళ్ళు, అవీ చెక్కిన పెన్సిళ్ళలా మొనదేలి ఉంటాయి. జుట్టు పల్చన, చర్మం పొడి పొడి. ఎండలో ఎంత గెంతినా ఒంటిమీద చెమట చుక్క కనబడదు, ఒళ్ళు మాత్రం పెనంలా కాలుతుంది. పళ్ళు రాలేదేమని పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్తే ఆవిడ చల్లగా ఒక పిడుగు వేసింది. పళ్ళూ, జుట్టూ, చెమట గ్రంథులూ కడుపులో ఉండగా చర్మం పొరలోంచే పుట్టుకొస్తాయనీ, పిల్లాడికి ఆ పొర తయారీలోనే తేడా వచ్చిందనీ, ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బనీ చెప్పింది. చిన్న సైజు పళ్ళసెట్టు చేస్తాను, తింటాడు, మాట్లాడతాడు, దానికేం భయం లేదంది. భయమల్లా వేడితోనే. వీడి ఒళ్ళు తనంతట తాను చల్లబడదు, కాబట్టి తడిచొక్కా, గాలి, నీళ్ళు, ఇవే వాడికి మందులంది. ఇది రక్తంలో వచ్చేది, రెండువైపులవాళ్ళూ ఒకసారి వస్తే నోళ్ళు చూస్తానని కూడా అంది.

రక్తంలో వచ్చిందన్న మాట వినగానే మైకమ్మకు మామగారి బోడిగుండూ, బోసినోరూ కళ్ళముందు మెదిలాయి. ఇంకేం కావాలి? "మీది బోడి వంశమని తెలిసీ నా గొంతు కోశారు" అని అత్తగారిని గుమ్మంలో నిలబెట్టి, వీధి వీధంతా వింటుండగా కడిగేసి, బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. మొగుడు ఫోను చేస్తే ఎత్తడం లేదు. వెనకనుంచి ఎగదోసింది ఆమె తల్లే. "బాగా అన్నావు" అంది, "వాళ్ళకలాగే కావాలి" అంది.

పుట్టింట్లో ఉన్న మూడో మనిషి తండ్రి. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు. జీవితమంతా మైదానంలో ఎండకెండిన మనిషికి ఇప్పుడు గాలంటే పడదు, వేసవిలో కూడా మెడలో మఫ్లరుంటుంది. లోకంలోని జబ్బులన్నీ జలుబుతోనే మొదలవుతాయని ఆయన సిద్ధాంతం. ఆయనకు బుడ్డోడి జబ్బు సంగతి చెప్పలేదు. "నాన్నకు బీపీ, చెప్పి ప్రాణం మీదికి తేకు, పళ్ళు ఆలస్యంగా వస్తున్నాయని చెబితే చాలు" అంది తల్లి. అందుకే ఆయన మనవడి తడిచొక్కా చూసినప్పుడల్లా, "బట్టలు నానబెట్టినట్టు పిల్లాణ్ణి నానబెడతారేమిటే? జలుబు చేసి చస్తాడు" అని రంకె వేస్తుంటాడు. తల్లి మనవణ్ణి ఆయనకు వదిలి పక్కింటికి కూడా వెళ్ళదు. వాణ్ణి బజారుకు తీసుకెళ్తానంటే తనూ చెప్పులేసుకుంటుంది. మనవడిమీద మొగుడికి కూడా వాటా ఇవ్వదని ఇంట్లో అందరూ నవ్వుకునేవారు.

అలాంటి మనిషి ఇవాళ మాత్రం బుడ్డోణ్ణి తాతకు వదిలి వచ్చింది. డాక్టరమ్మ రెండువైపులవాళ్ళనూ రమ్మన్నది ఇవాళే. తల్లి తలనొప్పని, కాళ్ళనొప్పులని రానంటే రానని కూర్చుంది. ఇంతలో మైకమ్మ చేతిలో పళ్ళు పట్టుకుని బస్టాండునుంచి ఇంటికొచ్చింది. కూతురి నోరు చూడగానే ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వేరే డాక్టరు దగ్గరికెళ్దాం, ఆవిడ హస్తవాసి మంచిది కాదు" అని బతిమాలింది. కూతురు వినకపోయేసరికి, "అయితే నేనూ వస్తా" అని లేచింది. బుడ్డోడు ఫ్యాను కింద తడిచొక్కాతో నిద్రపోతున్నాడు. "ఫ్యాను ఆపకండి, చొక్కా మార్చకండి, అరగంటలో వచ్చేస్తాం" అని మొగుడికి మరీ మరీ చెప్పి వచ్చింది.

అదీ సంగతి. ఇప్పుడు పళ్ళ డాక్టరమ్మ గదిలోకి వెళ్దాం.

గది చిన్నది. మధ్యలో కుర్చీ, పక్కన స్టీలు ట్రే, గోడకు ఎక్స్‌రే చూసే లైటు పెట్టె. అత్తగారు అప్పటికే వచ్చి కూర్చుంది. ఆవిడకు టైలరింగు షాపుంది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే బేరాలాడుతుంది. సూదులు లేనప్పుడు కూడా ఆ మాటలు గుచ్చుకుంటాయని కోడలి ఫిర్యాదు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఒకరినొకరు పలకరించుకున్నారు. అది ఆడవాళ్ళకే చేతనవును.

"ముందు మీరు రండి పెద్దమ్మగారూ" అంది డాక్టరమ్మ.

అత్తగారు చీర సర్దుకుని కుర్చీ ఎక్కి గుహలా నోరు తెరిచింది. డాక్టరమ్మ చిన్న అద్దంతో ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "అబ్బో! అన్నీ మీవేనా?" అంది.

"మరి అద్దెకు తెచ్చుకుంటానా? కత్తెర చేతిలో ఉన్నా దారం పళ్ళతోనే తెంపుతాను. లాగి చూడండి కావాలంటే."

"మీవారివి?"

"ఆయన పళ్ళు చక్కెరకు పోయాయి, జుట్టు నాకు పోయింది. పెళ్ళినాటికి రెండూ నిండుగానే ఉండేవి." సంచిలోంచి ఫోటో తీసి ట్రే మీద పెట్టింది. అందులో మామగారు పొదలాంటి జుట్టుతో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. "వంశం సంగతి తేలుస్తారన్నారుగా, తేల్చండి. నేను రాత్రిళ్ళు పడుకుని ఎన్నాళ్ళయిందో మీకు తెలీదు."

మైకమ్మకు చురుక్కుమంది. కానీ వెనక్కి తగ్గలేదు. ఫోటోలదేముంది అనుకుంది.

తర్వాత ఆమె వంతు. చేతిరుమాలులోంచి పళ్ళకట్టు తీసిచ్చింది. నాలుగు పళ్ళు కలిసి ఉన్న కట్టు అది, మధ్యవి రెండూ అసలు పళ్ళ మీద తొడిగినవి, అటూ ఇటూ ఉన్నవి ఖాళీలో నిలిచినవి. డాక్టరమ్మ దాన్ని లైటు కింద తిప్పింది.

"సిమెంటు అరిగిపోయింది, అంతే. ఎలా పోయాయి మీ పళ్ళు?"

"చిన్నప్పుడు బళ్ళో ఉయ్యాల మీంచి పడ్డాను. విరిగిపోయాయి." ముందుపళ్ళు లేక మాటల్లోంచి గాలి పోతోంది. మైకు ముందు బతికే మనిషికి తన గొంతు తనకే పరాయిదిగా వినబడింది. అయినా ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో! గౌను నిండా రక్తం, అమ్మ ఎత్తుకుని పరుగెత్తడం, కొత్తపళ్ళతో ఇంటికి రావడం, అన్నీ నిన్న జరిగినట్టే ఉంటాయి.

"అవునండీ, విరిగాయి" తల్లి అందుకుంది, "పెద్దయ్యాక ఒకసారి మార్పించాం కూడా. మీరు మళ్ళీ అతికించెయ్యండి చాలు. దానికి డ్యూటీ ఉంది."

డాక్టరమ్మ సిమెంటు ముక్కలు గీకుతూ, బస్సుల గురించీ ఎండల గురించీ ఏదో మాట్లాడుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళకు పళ్ళ డాక్టరు మాట్లాడటం ఆపడాన్ని మించిన భయం లేదు. ఆవిడ అద్దం దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. ఏమీ అనకుండా ఎక్స్‌రే తీసి లైటు పెట్టెమీద పెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇవి విరిగాయని మీకెవరు చెప్పారు?"

"చెప్పడమేమిటి? నేనే కదా పడ్డాను."

"పడి ఉంటారు. పెదవి చీలి ఉంటుంది, లోపల గుర్తుంది. పళ్ళు మాత్రం విరగలేదు." డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. "విరిగిన పంటికి అంచు మొరటుగా ఉంటుంది. కట్టు వెయ్యడానికి అరగదీస్తే అరగదీసిన గుర్తుంటుంది. మీ రెండు పళ్ళకూ పైపొర చెక్కుచెదరకుండా మొన దాకా ఉంది. పుట్టడమే అలా పుట్టాయి. పక్కన రెండు పళ్ళ చోటు ఖాళీగా ఉందే, అవి ఊడినవి కాదు. అసలు మొలవనే లేదు."

"అంటే?"

డాక్టరమ్మ చేతి అద్దం తీసి ఆమెకిచ్చింది.

మైకమ్మ అద్దం పట్టుకుని పెదవి పైకెత్తింది. ఇన్నేళ్ళలో ఆ కట్టు కింద ఏముందో తను ఎన్నడూ చూడలేదు. అద్దంలో తన నోరుంది. ఆ నోట్లో బుడ్డోడి పళ్ళున్నాయి. అవే, కొంచెం పెద్దవి, అంతే. అదే మొన, అదే వంపు, మధ్యలో అదే సందు. వాడు నవ్వినప్పుడల్లా ఆమె గుండెను కోసిన ఆ రెండు మొనలూ ఆమె సొంత నోట్లోంచి ఆమెనే చూస్తున్నాయి.

అద్దం ఒళ్ళో పడింది. ట్రే మీద ఫోటోలో మామగారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఇది తల్లినుంచి కొడుక్కి వస్తుంది" డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "తల్లికి తెలిసీ తెలియనట్టుంటుంది. పళ్ళలో కాస్త తేడా, ఒంటిమీద అక్కడక్కడా చెమట పట్టని చారలు. కొడుకు పుడితే వాడికి మొత్తంగా తగలవచ్చు, అసలు తగలకపోవచ్చు. ఎవరి తప్పూ కాదండీ ఇది."

"చారలా?" అత్తగారు ముందుకు వంగింది. "నేను కుట్టిన జాకెట్లన్నీ దీనికి చారలు చారలుగా తడిసేవి. నా లైనింగు గుడ్డలోనే లోపముందని ఆ కొట్టువాడితో పోట్లాడాను కూడానూ!"

మైకమ్మ మెల్లగా తల తిప్పింది.

"అమ్మా."

తల్లి కిటికీ దగ్గర నిలబడి ఉంది. సంచి కాడను తాడు పేనినట్టు పేనుతోంది. రెండో చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. ఆవిడ నవ్వినా, మాట్లాడినా, తిన్నా ఆ చెయ్యి అడ్డం ఉండాల్సిందే. సిగ్గరి మనిషని అందరూ మెచ్చుకునేవారు. మైకమ్మకు చిన్నప్పటి ఫోటోలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ప్రతిదాంట్లోనూ తను పెదవులు బిగించుకుని ఉంటుంది. 'నోరు మూసుకుని నవ్వు, అలా నవ్వితేనే అందం' అని ఫోటో తీయించే ముందు అమ్మ గదమాయించేది.

"ఒక్కసారి మీరు కూడా కూర్చుంటే..." అంది డాక్టరమ్మ.

"నాకేం లేదు. నన్నొదిలెయ్యండి. పదవే, ఇంటికి పోదాం. బుడ్డోడు లేచుంటాడు."

"ఏం వదినగారూ?" అత్తగారు లేచి నిలబడింది. ఇన్నాళ్ళు అణుచుకున్నదంతా గొంతులోకి వచ్చింది. "నా నోరు చూశారు, నా మొగుడి ఫోటో చూశారు. మీ నోట్లో ముత్యాలేమన్నా దాచారా? నా గుమ్మంలో నిలబెట్టి బోడి వంశమని కడిగారే, నా కొడుకు నెలరోజులుగా అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడే, ఆ మాట..."

ఆవిడ వాక్యం పూర్తి కాలేదు. మైకమ్మ తల్లి నోటికి అడ్డం ఉన్న చెయ్యి తీసింది. రెండు వేళ్ళు లోపలికి పెట్టి, పై పళ్ళసెట్టు బయటకు లాగి, మామగారి ఫోటో పక్కన స్టీలు ట్రే మీద పెట్టింది. ఆవిడ ముఖం అక్కడికక్కడే పదేళ్ళు ముసలిదైపోయింది. పైచిగురుకు మిగిలినవి మూడో నాలుగో పళ్ళు. మైకమ్మ వాటిని లెక్కపెట్టలేదు, వాటి మొనలే చూసింది.

కన్నతల్లి నోరు ఆమె చూడటం అదే మొదటిసారి. ఒకే ఇంట్లో పుట్టి, పెరిగి, ఒకే కంచంలో తిని కూడా.

అత్తగారు మళ్ళీ కూర్చుంది. ఆవిడ కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు.

"నీకు తెలుసు" అంది మైకమ్మ. ఏడుపు రావడం లేదు, ఒళ్ళంతా మంట. "బుడ్డోడి నోట్లో మొదటి పన్ను మొలిచిన రోజే నీకు తెలుసు. నేను అత్తయ్యను నానా మాటలూ అంటుంటే వింటూ కూర్చున్నావు. ఇంకా రెండు మాటలు నువ్వే అందించావు. ఎందుకమ్మా? పళ్ళు సరిగ్గా లేవని చెబితే నన్ను ఉరి తీస్తారా?"

"పళ్ళ కోసం కాదే." సెట్టు లేని నోట్లో మాటలు మెత్తగా నలిగిపోతున్నాయి, దగ్గరకు వెళ్తే తప్ప అర్థం కావడం లేదు. "పళ్ళకోసమైతే ఎప్పుడో చెప్పేదాన్ని. మీ నాన్న కోసం."

"నాన్నకేమిటి సంబంధం?"

అప్పుడే టప్పున కరెంటు పోయింది. లైటు పెట్టె ఆరిపోయింది. ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది. డాక్టరమ్మ కిటికీ తలుపు బార్లా తెరిస్తే వీధిలో వేడి అంతా లోపలికి వచ్చింది. తల్లి అవేవీ గమనించే స్థితిలో లేదు.

"నీకన్నా ముందు ఒకడు పుట్టాడు కదా."

"పురిట్లోనే పోయాడన్నావు."

"పోలేదు. నడిచాడు. తాత్తా అనేవాడు. రెండు పళ్ళు వచ్చాయి వాడికి, ఇవే, ఇలాగే. మీ నాన్న వాణ్ణి భుజం మీంచి దింపేవాడు కాదు. ఎండాకాలంలో జ్వరమొచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే చలిజ్వరం అనుకున్నాం. మీ నాన్న వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని దుప్పటి కప్పాడు. ఇంకోటి కప్పాడు. గాలి తగలకూడదని కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కాడు. ఒళ్ళు ఇంకా కాలుతోందని ఇంకా గట్టిగా హత్తుకున్నాడే తల్లీ. ఆయన చేతుల్లోనే..." ఆవిడ చాలాసేపు ఏడ్చి మళ్ళీ అందుకుంది. "అప్పుడు మాకేం తెలుసు? నువ్వు ఉయ్యాల మీంచి పడితే పెదవి కుట్టించడానికి పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళా. ఆ డాక్టరు నీ నోరు చూసి, నా నోరు చూసి, 'మీ ఇంట్లో మగపిల్లలెవరైనా జ్వరంతో పోయారా అమ్మా' అనడిగాడు. అంతా విడమరిచి చెప్పాడు. ఆ దుప్పట్లు లేకపోతే వాడు బతికేవాడని చెప్పాడు. పడ్డప్పుడు విరిగాయని చెప్పి నీ పళ్ళకు తొడుగులు వేయించి ఇంటికొచ్చా. గుమ్మంలో మీ నాన్న నీకోసం బొమ్మ పట్టుకుని నిలబడ్డాడు. నేనేమని చెప్పను? నీ కొడుకును నువ్వే చంపావని చెప్పనా? చెబితే ఆయన బతుకుతాడా?"

మైకమ్మ మంటంతా ఎక్కడికక్కడ గడ్డకట్టింది. ఒక అన్న, రెండు పళ్ళతో తాత్తా అనే అన్న. వాణ్ణి హత్తుకుని కూర్చున్న నాన్న. ఆయన మెడలో మఫ్లరు. ఇన్నేళ్ళుగా గాలికి ఆయన ఎందుకంత భయపడతాడో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు కిటికీ సందుల్లోంచి ఏ కాస్త గాలో చొరబడి కొడుకును తీసుకుపోయిందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని అమ్మ చెరిపేయలేదు, కాపాడుకుంటూ వచ్చింది.

ఆమె అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, నేను..." పళ్ళు లేని నోట్లో ఆ మాట ముందుకు సాగలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ముందు నోరు పుక్కిలించు" అంది అత్తగారు, చీర చెంగుతో తన కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వన్న మాటలు ఎక్కడికీ పోవు, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. తీరిగ్గా తేల్చుకుందాం. అబ్బ, ఏమిటీ ఉక్క! ఈ కరెంటు మన పేటంతా పోయినట్టుందే."



మైకమ్మ తల్లి ముఖం చూసింది. తల్లి కూతురి ముఖం చూసింది. ఆగిన ఫ్యాను వంక ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. క్లినిక్కుకూ ఇంటికీ మధ్య రెండు వీధులే. ఈ ఫ్యాను ఆగితే ఆ ఫ్యానూ ఆగినట్టే.

మైకమ్మ ఫోను తీసింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మోగింది, చాలాసేపు మోగింది. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"ఆఁ, చెప్పమ్మా!" తండ్రి గొంతు మైదానంలో ఉన్నట్టే ఖంగుమంది. "అతికించిందా డాక్టరు?"

"నాన్నా, బుడ్డోడు..."

"కంగారేం లేదు. ఇందాక కరెంటు పోగానే లేచి కాస్త నస పెట్టాడు. ఒళ్ళు చూస్తే వెచ్చగా తగిలింది. నేను చెబుతూనే ఉన్నాను, ఆ తడిబట్టలు వద్దని వింటేనా! ఆ చొక్కా ఊడబెరికి, నా మఫ్లరు చుట్టి, రెండు దుప్పట్లు కప్పాను. కిటికీలన్నీ వేసేశాను. చీమ దూరడానికి కూడా సందు లేదు. ఇప్పుడు హాయిగా పడుకున్నాడు. పిలిచినా పలకడం లేదు, అంత నిద్ర."

మైకమ్మ అరిచింది. ఏమరిచిందో ఆమెకే అర్థం కాలేదు. బస్టాండంతటికీ దారి చూపే గొంతు ఆ ముందుపళ్ళ ఖాళీలోంచి గాలై పోయింది. తల్లి ఫోను లాక్కుంది. "తీసెయ్యండి, దుప్పట్లు తీసెయ్యండి" అనే అన్నది పాపం. చిగుళ్ళ మధ్య నలిగి, ఏడుపులో కలిసి, అది ముద్దగా బయటకు వచ్చింది.

"ఏమిటే? ఏమంటున్నావు? ఒక్క ముక్క అర్థం కావడం లేదు. సరిగ్గా చెప్పు."

అత్తగారు ఒక్క అంగలో వచ్చి ఫోను అందుకుంది. "అన్నయ్యగారూ! నేను, మీ వియ్యపురాల్ని. ముందు ఆ దుప్పట్లు లాగి పారెయ్యండి. కిటికీలు తియ్యండి. పిల్లాడి ఒంటిమీద నీళ్ళు పొయ్యండి. ఈ క్షణం!"

అటునుంచి వచ్చిన గొంతులో గడ్డకట్టిన మర్యాద ఉంది. "ఓహో, మీరా? జ్వరమొచ్చిన బిడ్డ మీద నీళ్ళు పొయ్యమంటున్నారా? మీ ఇంట్లో అలాగే పెంచారు కాబట్టే మా అమ్మాయి వచ్చేసింది. మా పిల్లాణ్ణి ఎలా చూసుకోవాలో మాకు తెలుసమ్మా. వీడి ఒంటిమీదకు గాలి చొరనిచ్చేది లేదు. ఫోను అమ్మాయికివ్వండి."

డాక్టరమ్మ అప్పటికే తాళాలు తీసుకుని మెట్ల వైపు పరుగెత్తింది. "కారు తీస్తున్నా, రండి!" అని కింద్నుంచి కేకేసింది. మైకమ్మ కాళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. రెండు వీధులు దాటేలోపు ఏమైనా జరగవచ్చు. తండ్రి ఫోను పెట్టేస్తే అంతే సంగతులు. ఆయన ఈ మనిషి మాట వినడు. వినకుండా చేసింది తనే. బోడి వంశమని, గొంతుకోశారని, రోజూ భోజనాల దగ్గర ఆయన చెవిలో పోసింది తనే.

అత్తగారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి మైకమ్మ తల్లి వైపు తిరిగింది. "వదినగారూ, ఎందుకో చెప్పందే ఆయన తియ్యడు. చెప్పనా?"

తల్లి ట్రే మీద ఉన్న తన పళ్ళ వైపు చూసింది. వాటిని అందుకుని నోట్లో పెట్టుకునే వ్యవధి కూడా లేదు. ఇన్నేళ్ళు ఆయన కోసం మోసిన మాట ఇప్పుడు పరాయి నోటిగుండా ఆయనకు చేరాలి. అదీ తను వీధిలో నిలబెట్టి అవమానింపజేసిన నోటిగుండా. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని తల ఊపింది.

"హలో? పెట్టేస్తున్నానమ్మా" అంటున్నాడు డ్రిల్లు మాస్టారు.

అత్తగారు చెయ్యి తీసింది. ఆవిడ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా వచ్చింది, ఒక్క అక్షరం కూడా పొల్లు పోకుండా.

"పెట్టకండి అన్నయ్యగారూ. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో బిడ్డ మీది దుప్పటి తీస్తూ వినండి. మీ పెద్దబ్బాయి గాలి తగిలి పోలేదు..."